బొడ్డు చుట్టూ మూడు వాతలు

ఈ వ్యవహారంలో నాకు స్వయంగా తెలిసినవి తక్కువ, విన్నవి ఎక్కువ. రెంటినీ కలగలిపి చెప్పడం మన వైపు అలవాటు కనుక ముందే విడదీసి పెడతాను. ఒక పిల్ల ఉండేది. నాలుగేళ్ళు నిండాయో లేదో అన్న వయసు. ఆ పిల్ల బొడ్డు చుట్టూ మూడు కాలిన మచ్చలు ఉండేవి. వాటిని నేను దగ్గరగా, పగటి వెలుతురులో చూశాను. ఆ పిల్లను తల్లికి చెప్పకుండా తీసుకెళ్ళి పటమటలో ఒక శిశు సంక్షేమ కమిటీ నడిపే హోములో ఉంచారు. ఇదీ ఖాయమే, ఎందుకంటే ఆ కమిటీలో నేను సభ్యురాలిని. నిస్సందేహంగా చెప్పగలిగింది ఇంతే.

తల్లి నడత మంచిది కాదని, ఆమె గుడిసెకు ఎవడో మగవాడు వచ్చి పోతుంటాడని, వాడు తాగొచ్చి పిల్ల కడుపు మీద బీడీలు ఆర్పుతాడని, ఆ ఏడుపు కాలవ అవతలి గట్టుకు కూడా వినిపిస్తుందని చెప్పినవన్నీ విన్నవి. చెప్పినవారిలో చూసినవారు ఒక్కరూ లేరు. ఎవరు చూశారండీ అని అడిగితే "ఊరంతా అనుకుంటున్నారుగా" అనేవారు. డెబ్బయ్యో దశకపు విజయవాడలో ఊరంతా అనుకోవడమే ఒక సాక్ష్యం. దానికి సంతకం అక్కర్లేదు, ఎదురు ప్రశ్న ఉండదు, తప్పని తేలితే శిక్షా ఉండదు.

నేను అప్పట్లో ఒక ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేదాన్ని. కమిటీలో ఒక డాక్టరు ఉండాలని గ్రాంటు ఇచ్చేవారి నియమమట. డాక్టర్లెవరూ తీరిక చేసుకోకపోవడంతో, కప్పను కోసిన మనిషైనా పరవాలేదనుకొని నన్ను పిలిచారు. వార్షిక నివేదికలో నా గురించి "శాస్త్రీయ దృక్పథం గల సభ్యురాలు" అని వేశారు. ఆ దృక్పథంతో వారికి అవసరం పడింది నివేదికలోనే. సమావేశంలో నేను దాన్ని బయటికి తీసినప్పుడల్లా అధ్యక్షురాలు మైసూరుపాకు పళ్ళెం నా వైపు జరిపేది.

అధ్యక్షురాలు ఒక రైసు మిల్లు యజమాని భార్య. చెడ్డ మనిషి అని నేను అనను, అందుకు నా దగ్గర ఆధారం లేదు. పేద పిల్లలంటే ఆమెకు నిజంగానే కన్నీళ్ళు వచ్చేవి. అయితే ఆ కన్నీళ్ళు పిల్ల ఒక్కతే ఉన్నప్పుడు మాత్రమే వచ్చేవి. పక్కన తల్లి కూడా నిలబడి ఉంటే ఆగిపోయేవి. కార్యదర్శి పదవీ విరమణ చేసిన తహసీల్దారు. ఆయనకు తెలియని విషయం లేదు. తెలియదు అనే మాట ఆయన సర్వీసులోనే లేదు.

ఆ కమిటీ కింద కాలవ గట్టున ఒక బాలవాడి నడిచేది. కూలికి వెళ్ళే తల్లులు పొద్దున పిల్లల్ని దించి సాయంత్రం తీసుకెళ్ళేవారు. అక్కడి పిల్లల ఒంటికి సబ్బు తగిలేది తనిఖీల రోజునే. అధ్యక్షురాలిది ఎప్పుడూ ఆకస్మిక తనిఖీ. ఎంత ఆకస్మికమంటే, ముందు రోజే గోడలకు సున్నం పడేది. అలాంటి ఒక ఉదయం ఆమే కార్యదర్శిగారూ కాస్త ముందుగా వచ్చేశారు. టీచరు ఇంకా పిల్లలకు స్నానాలు చేయిస్తోంది. వరసలో మూడో నాలుగో పిల్ల కడుపు మీద మచ్చలు కనిపించాయి. నేనక్కడ లేను. ఉన్నవారు చెప్పింది ఇది, ఇందులో మాత్రం అందరి మాటా ఒకటే.

"అయ్యయ్యో, ఇవేంటమ్మా?" అంది అధ్యక్షురాలు.

"తెలియదండీ," అంది టీచరు. ఆ పూట అక్కడ పలికిన మాటల్లో నిజాయితీ గల మాట అదొక్కటే.

"బీడీ," అన్నారు కార్యదర్శిగారు వంగి కూడా చూడకుండా. "సర్వీసులో ఇట్లాంటివి ఎన్ని చూడలేదు!"

బీడీ ఉన్నాక దాన్ని కాల్చేవాడు ఉండాలి. కాల్చేవాడు ఉన్నాక వాడిని ఇంటికి రానిచ్చే ఆడది ఉండాలి. టీచరు చేతిలోని నీళ్ళ చెంబు పక్కకు పెట్టేలోపే కథ పూర్తయింది. పిల్లకు ఫ్రాకు తొడిగి కారెక్కించారు. పిల్ల ఏడవలేదట. అంతకు ముందెప్పుడూ కారెక్కలేదు కాబోలు.

సాయంత్రం తల్లి వచ్చేసరికి పిల్ల లేదు. ఆమె వన్ టౌన్‌లో ఒక పప్పుల గోడౌన్‌లో జల్లెడ పట్టే పని చేసేది. నేను ఆమెను మొదటిసారి చూసింది మా కాలేజీ గేటు దగ్గర. జుట్టు మీద, కనురెప్పల మీద కందిపప్పు దుమ్ము పసుపుపచ్చగా పేరుకొని ఉంది. కమిటీలో పాఠాలు చెప్పే అమ్మగారొకరున్నారని ఎవరో చెప్పారట.

"మా పిల్లనెప్పుడిస్తారండీ?" అంది, ఇంకే ముందుమాటా లేకుండా.

"ఆ మచ్చలు ఎలా వచ్చాయో ముందు చెప్పు."

"వాతలండీ అయ్యి. పక్షి దోషానికి పెట్టిచ్చాం, చంటిపిల్లప్పుడు."

పక్షి దోషమంటే తెలియని వారి కోసం చెబుతున్నాను. పొద్దు గూకేవేళ ఆరుబయట పడుకోబెట్టిన పసిబిడ్డ మీదుగా పక్షి ఎగిరితే, దాని నీడ పడి బిడ్డ చిక్కిపోతుందని డెల్టా ఊళ్ళలో నమ్మకం. విరేచనాలవుతాయి, కాళ్ళూ చేతులూ పుల్లలవుతాయి, కడుపు ఉబ్బుతుంది. అప్పుడు పసుపు కొమ్మును నిప్పుల మీద కాల్చి బొడ్డు చుట్టూ అంటిస్తారు. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే దోషం పోతోందంటారు. ఏడవకపోతే ఇంకొకటి పెడతారు. లక్షణాలన్నీ కలుషితమైన నీటివి, నేరం పక్షిది, శిక్ష బిడ్డకు. ఇంతకన్నా తలకిందులైన రోగనిర్ణయం నేనెక్కడా చూడలేదు, కార్యదర్శిగారి బీడీ ఒక్కటి తప్ప.

"ఎవరు పెట్టారు?"

"మా ఊళ్ళో ఒక పెద్దమ్మండీ. చుట్టుపక్కల అందరికీ ఆవిడే పెట్టిద్ది."

ఆమె మెడలో నల్లతాడుకు చిన్న శిలువ ఉంది. "మీరు చర్చికి వెళ్ళేవారు కదా?"

"ఎల్తామండీ. పాస్టరుగారి చేత పార్థన కూడా చేయించాం, ఆయన నూనె రాశాడు. గవర్నమెంటాసుపత్రిలో మందు సీసా ఇచ్చారు, అదీ తాపాం."

"ఈ మూడింట్లో ఏది పనిచేసిందనుకుంటున్నావ్?"

"ఏదో ఒకటి చేసింది గదండీ. పిల్ల బతికింది."

మూడు మందులు ఒకేసారి పడిన రోగి విషయంలో ఏ మందు పనిచేసిందో చెప్పలేమని నేను తరగతిలో చెప్పేదాన్ని. అక్కడ అది చెప్పి లాభం లేదు. అయినా ఊరుకోలేకపోయాను. "నిప్పుతో కాలిస్తే విరేచనాలు కట్టవు," అన్నాను.

"కట్టినయ్యండీ."

"వాటంతటవే కట్టి ఉంటాయి."

"అట్టయితే ఇంకా మంచిదేగదండీ. ఇప్పుడు మా పిల్లనియ్యండి."

తర్కంలో నన్ను అంత తేలిగ్గా దాటిపోయినవాళ్ళు తక్కువ. కానీ ఆమె మాటను కూడా నేను మాటగానే తీసుకున్నాను. తల్లి చెప్పింది కాబట్టి నిజం, కమిటీ చెప్పింది కాబట్టి అబద్ధం అనుకోవడం నా పద్ధతి కాదు. మర్నాడు వన్ టౌన్‌కు వెళ్ళాను. ఆ సందుల్లో తోపుడుబళ్ళకూ బస్తాలకూ నడుమ దారి చేసుకొని గోడౌన్ చేరేసరికి నా చీర సగం పప్పు రంగుకు వచ్చింది. గుమాస్తాను ఆ వచ్చిపోయే మగవాడి గురించి అడిగాను.

"వాడాండీ?" అని నవ్వాడు. "దాని తమ్ముడు. మా దగ్గరే బండి లాగుతాడు. ఇద్దరిదీ ఒకటే మొహం, ఒకటే నోరు. అక్క ఇంట్లో అన్నం తిని పోతుంటాడు. దీనికి కూడా కమిటీ కావాలా అండీ?"

"భర్త?"

"కామెర్లొచ్చి పోయాడు. ఈ పిల్ల కడుపులో ఉండంగానే."

తమ్ముణ్ణి కూడా చూశాను. బండి కాడి పట్టుకొని నిలబడ్డాడు. మొహం విషయంలో గుమాస్తా చెప్పింది నిజమే. నోరు విషయంలో కూడా. "బీడీ తాగుతావా?" అని అడిగితే, "ఎందుకండీ, మీకో కట్ట కావాలా?" అన్నాడు.

తరువాత హోముకు వెళ్ళాను. అది అద్దెకు తీసుకున్న పాత బంగళా. గదుల్లో మంచాలు బాగానే ఉన్నాయి. పిల్లలే తక్కువ. దాతల డబ్బు మంచాల లెక్కన వస్తుంది కాబట్టి ఖాళీ మంచం కమిటీకి నచ్చని దృశ్యం. ఆ ఖాళీ మంచానికీ ఈ పిల్లకూ సంబంధం ఉందని నేను నిరూపించలేను. అనుమానిస్తున్నానని మాత్రం దాచను.

పిల్ల వరండాలో గోడకు వీపు ఆనించి కూర్చొని ఉంది. వార్డెన్ ఫ్రాకు పైకెత్తి చూపించింది. బొడ్డుకు రెండు వైపులా ఒక్కొక్కటి, కింద ఒకటి. మూడూ ఇంచుమించు సమదూరంలో ఉన్నాయి. గుండ్రంగా లేవు, వడ్లగింజలా కోలగా ఉన్నాయి. లోపల పాలిపోయి, అంచులు చదునుగా, ఒళ్ళు పెరిగినకొద్దీ సాగిన మచ్చలు. బీడీ గుండ్రటి గుంట చేస్తుంది. అందులోనూ ఏడుస్తూ గింజుకుంటున్న పిల్ల మీద తాగినవాడు ఆర్పితే కొలిచి పెట్టినట్టు సమదూరంలో పడవు. పైగా ఇవి నెలల నాటివి కావు, ఏళ్ళ నాటివి. పెద్ద చదువు అక్కర్లేదు. వంగి చూస్తే చాలు. వంగడమే ఎవరూ చేయలేదు.

"అన్నం ముట్టట్లేదండీ," అంది వార్డెన్. "పడుకోదు, పడుకోనివ్వదు. ఒకటే ఏడుపు. దిష్టి తగిలిందేమో మరి."

"తల్లి లేదు కాబట్టి ఏడుస్తోంది," అన్నాను.

"అట్లా అంటే అందరు పిల్లలూ ఏడవాలిగదండీ."

పిల్ల నాతో ఒక్క మాటే అంది. "కారెప్పుడొచ్చిద్ది?" తీసుకొచ్చిన కారే మళ్ళీ ఇంటికి తీసుకెళుతుందని దాని నమ్మకం. హోములో విన్న వాదనలన్నింటిలో అదే సబబుగా ఉంది.

సమావేశం అధ్యక్షురాలి ఇంటి హాల్లో జరిగింది. ఎప్పటిలాగే పళ్ళేలు, ఫ్యాను, కార్యదర్శిగారి దగ్గు. నేను చూసింది చూసినట్టు చెప్పాను. మచ్చల ఆకారం, వాటి వయసు, గుమాస్తా మాట, తమ్ముడి సంగతి. వాతలు అజ్ఞానమనీ, ఆ పని నేను సమర్థించడం లేదనీ కూడా చెప్పాను. అజ్ఞానానికి మందు పిల్లను లాక్కోవడం కాదన్నాను. గట్టు మీద వాళ్ళు తాగేదీ గిన్నెలు కడిగేదీ ఒకటే కాలవ నీళ్ళు. ఒక చేతిపంపు వేయిస్తే పక్షులు వాటంతటవే నిర్దోషులవుతాయి అన్నాను.

"పంపులు మునిసిపాలిటీ పనండీ," అన్నారు కార్యదర్శిగారు. "మనది శిశు సంక్షేమం."

"శిశువులు నీళ్ళు తాగరా అండీ?"

"మేడం గారు సైన్సు మనిషి, ఏదైనా మాట్లాడతారు," అని ఆయన అధ్యక్షురాలి వైపు తిరిగారు. "బీడీయో వాతో, నిప్పు నిప్పేకదండీ?"

అధ్యక్షురాలు కళ్ళు తుడుచుకుంది. "నాకదేనండీ అర్థం కానిది. చేతులారా పసిదాన్ని కాల్చుకుంటుందా? అది తల్లేనా అసలు? మనసున్నవాళ్ళు చేసే పనేనా అది?"

హాలుకూ వంటింటికీ మధ్య గదిలో ఆమె తల్లి పీట మీద కూర్చొని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. ఆ పెద్దావిడకు చెవులు సరిగా వినపడవని అందరూ అనేవారు. అదీ విన్నమాటే, తప్పని అప్పుడే తేలింది.

"ఏమే, వాతలంటే కాల్చుకోటం అంటావేంటే?" అంది అక్కడి నుంచే. "నీకు ఐదు పెట్టించా. అన్నీ బొడ్డు చుట్టే."

అధ్యక్షురాలు గబుక్కున అటు తిరిగింది.

"అమ్మా, నువ్వు లోపలికెళ్ళు."

"లోపలేగా ఉన్నా! మీరే గట్టిగా మాట్లాడతన్నారు. ఎందుకు పెట్టించాననుకున్నావ్? ఇంత పుల్లలాగా అయిపోయావు. నీకూ నీ తమ్ముడికీ ఒకే పూట పెట్టించా. వాడు దక్కలా, నువ్వు దక్కావు. అంతా వాతల చలవే." గోరుచిక్కుడు ఒకటి పుటుక్కున తుంచింది. "నన్ను కూడా తల్లేనా అంటావా ఏంటి?"

ఒకే పూట, ఒకే చేత్తో, ఒకే నిప్పుతో ఇద్దరికి వైద్యం జరిగింది. ఒకరు బతికారు, ఒకరు పోయారు. బతికినవారిని వాతల ఖాతాలో వేసుకొని, పోయినవారిని దేవుడి ఖాతాలో వేశారు. మన దేశవాళీ వైద్యాల గొప్పతనమంతా ఈ పద్ధతి మీదే నిలబడి ఉందని నేను ఏళ్ళుగా అనుకునేదాన్ని. అంత శుభ్రమైన ఉదాహరణ, అదీ కమిటీ సమావేశంలో, దొరుకుతుందనుకోలేదు. చనిపోయిన ఆ తమ్ముడు సమావేశానికి వచ్చి సాక్ష్యం చెప్పలేడు. అలాంటివారెవరూ రాలేరు. అందుకే ఆ పెద్దమ్మలకు ఎప్పటికీ మంచిపేరే.

అధ్యక్షురాలి చెయ్యి తెలియకుండానే నడుము దగ్గరకు పోయి పమిట సర్దుకుంది. కార్యదర్శిగారు మైసూరుపాకును శ్రద్ధగా పరిశీలించారు.

"నాకూ ఉన్నాయండీ, రెండు," అన్నాను. "మా బామ్మ పెట్టించింది. నన్నూ హోములో వేస్తారా? మంచాలు ఖాళీగానే ఉన్నాయి."

"మీరు వేళాకోళం చేస్తున్నారు," అన్నారు కార్యదర్శిగారు.

నిజానికి నేను వేళాకోళం చేయలేదు. వాదనను దాని చివరిదాకా నడిపించానంతే. మూడు మచ్చలకు పిల్లను లాక్కుంటే, ఐదు మచ్చలకు ఎవరిని ఎవరి దగ్గర్నుంచి లాక్కోవాలో తేల్చమన్నాను. ఇక్కడ సిగ్గుపడతారేమో, తలవంచుకుంటారేమో అని మీరు అనుకుంటే మీకు కమిటీల సంగతి తెలియదు. అధ్యక్షురాలు కోలుకోవడానికి కాఫీ ఒక గుక్క సరిపోయింది.

"మాది వేరండీ," అంది. "మా పెద్దవాళ్ళు పద్ధతిగా చేయించారు. అది వైద్యం. వీళ్ళది వేరు."

"ఏం వేరండీ?"

"వేరంటే వేరేనండీ. మీకు తెలియంది కాదు."

నాకు తెలిసిందే. మిల్లున్న ఇంట్లో పసుపు కొమ్ము వైద్యం, గట్టు మీది గుడిసెలో అదే పసుపు కొమ్ము క్రూరత్వం. నిప్పుకు ఆ తేడా తెలియదు, చర్మానికీ తెలియదు. తీర్మానానికి తెలుసు. ఆ రోజు తీర్మానంలో బీడీ మాట కొట్టేశారు, వాతల మాటా కొట్టేశారు. "తల్లి పోషణ సంతృప్తికరంగా లేనందున పిల్లను హోములోనే కొనసాగించవలెను" అని రాశారు. నేరం మారింది, శిక్ష మారలేదు. ఏ చట్టం కింద ఉంచుతున్నారని అడిగాను. "అవి మాకొదిలేయండి మేడం, మీరు కప్పల సంగతి చూసుకోండి," అన్నారు కార్యదర్శిగారు. అందరూ నవ్వారు. మధ్య గదిలోంచి పెద్దావిడ కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే.

తల్లికి ఈ సంగతి చెప్పవలసింది నేనే అయింది. మళ్ళీ కాలేజీ గేటు దగ్గరే.

"బీడీ కాదని ఒప్పుకున్నారు," అన్నాను.

"మరి పంపిస్తారా?"

"లేదు. ఇప్పుడు నువ్వు సరిగా పెట్టట్లేదంటున్నారు."

"ఆడ అన్నం తినట్లేదంట గదండీ పిల్ల! టీచరమ్మ చెప్పింది." గొంతు మొదటిసారి పెరిగింది. "నేను పెట్టటం లేదని తీసకపోయి, ఆళ్ళు తినిపించలేకపోతన్నారా? ఆళ్ళ దగ్గర్నుంచి ఎవరు తీసకపోతారండీ?"

ఈ ప్రశ్నను నేను తరువాతి సమావేశంలో ఉన్నదున్నట్టు చదివాను. దాన్ని నమోదు చేయడానికి నిరాకరించారు.

చివరికి పిల్లను ఇంటికి చేర్చింది నా వాదన కాదు, తల్లి కన్నీళ్ళు అంతకన్నా కాదు. సముద్రం అవతలి నుంచి దాతలు హోమును చూడటానికి వస్తున్నారని కబురు వచ్చింది. కొత్త ఫ్రాకులు కుట్టించారు, పాట నేర్పారు, బంగళాకు రంగు వేశారు. అంతా సిద్ధమయ్యాక కార్యదర్శిగారికి ఒక విషయం తెలిసింది. దాతల వెంట ఒక నర్సు కూడా వస్తోందట. పిల్లలను తూకం వేసి, దుస్తులు తీయించి పరీక్ష చేస్తుందట.

అత్యవసర సమావేశం పెట్టారు. నన్ను పిలవక తప్పలేదు, నేను "శాస్త్రీయ దృక్పథం" కనుక.

"ఆ మచ్చలు ఏమిటని అడిగితే ఏం చెబుదామండీ?" అంది అధ్యక్షురాలు.

"వాతలని చెప్పండి."

"అమ్మో, మనవాళ్ళు ఆటవికులనుకోరూ!"

"అయితే బీడీ అని చెప్పండి."

"మరి పోలీసు కేసు ఎందుకు పెట్టలేదంటారు," అన్నారు కార్యదర్శిగారు గంభీరంగా. చట్టం ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది.

"పోషణ బాగాలేదని తెచ్చామనండి, మీరు రాసిందే."

కానీ హోముకు వచ్చాక పిల్ల ఇంకా చిక్కిపోయింది. నర్సు దగ్గర తక్కెడ ఉంటుంది. తక్కెడకు నచ్చజెప్పడం ఎలాగో ఆ హాల్లో ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రమే పిల్లను అదే కారులో కాలవ గట్టుకు తీసుకెళ్ళి దించేశారు. పిల్ల నమ్మకం నిజమైంది. "తల్లి ప్రవర్తనలో సంతృప్తికరమైన మార్పు కనిపించినందున" అని తీర్మానం. ఏ మచ్చలు చూసి తీసుకెళ్ళారో ఆ మచ్చలు ఇంకొకరి కంట పడకూడదనే వెనక్కి పంపారు. రెండుసార్లూ పిల్ల ఎలా ఉందన్నది ఎవరికీ పట్టలేదు. ఎలా కనిపిస్తుందన్నదే పట్టింది. దాతలు వచ్చారు, పాట విన్నారు, సంతోషించి వెళ్ళారు. చేతిపంపు నాకు తెలిసినంతవరకు పడలేదు.

ఆ తరువాత నేను గట్టు మీదికి వెళ్ళాను. తల్లి గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. బస్టాండు దాకా మూటలు చేర్చడానికి తమ్ముడు బండి తెచ్చి బయట నిలిపాడు. పుట్టింటికి, అవనిగడ్డ వైపు లంక ఊరికి వెళ్ళిపోతున్నారు. పిల్ల బండి మీద మూటల మధ్య కూర్చొని ఉంది. ఆకలి తీరిన మొహంలా ఉంది గాని, నన్ను చూడగానే ఫ్రాకు అంచు రెండు చేతులతో కిందికి లాగి పట్టుకుంది.

"మీకో సంగతి చెప్పాలండీ," అంది తల్లి, సంచి మూతి బిగిస్తూ. "నేను పెట్టిచ్చింది మూడే. ఇప్పుడు నాలుగున్నయ్యి."

"ఎక్కడ?"

"నడుం మీద, వెనకమాల. అది నాది కాదు."

హోములో ఏడుపు మాన్పించడానికి ఎవరో వాత పెట్టారని ఆమె చెప్పడం. వార్డెన్ నోట విన్న దిష్టి మాట నాకు వెంటనే గుర్తొచ్చింది. గుర్తు రావడం రుజువు కాదు. నేను చూసినప్పుడు పిల్ల గోడకు ఆనుకొని ఉంది, వెనకవైపు నా కంట పడలేదు.

"ఒకసారి చూడనివ్వు," అన్నాను. "కొత్త మచ్చయితే రంగు చెబుతుంది. ఒక్క క్షణంలో తేలిపోతుంది. తేలితే వాళ్ళను నిలదీయొచ్చు."

"వద్దండీ."

"నీకే మంచిది."

"అందరూ నాకు మంచిదనేగదండీ చూసింది?" అంది. కోపంగా కాదు, అలసిపోయినట్టు. "ఒకళ్ళు చూశారు, పిల్ల పోయింది. ఇంకొకళ్ళు చూస్తారన్నారు, వచ్చింది. ఇంక ఎవరూ చూడబాకండి. నిలదీస్తే ఏమయిద్ది? ఇంకో కమిటీ వచ్చి మళ్ళీ ఫ్రాకెత్తిద్ది."

తమ్ముడు కాడి ఎత్తాడు. "తప్పుకోండమ్మగారూ, చక్రం కాలెక్కిద్ది," అన్నాడు. బండి గట్టు వెంట కదిలింది.

వార్డెన్‌ను అడిగాను. "మొదట్నించీ నాలుగేనండీ," అంది. ఆమె ఉద్యోగం కమిటీ చేతిలో ఉంది. స్నానం చేయించిన టీచరును అడిగాను. "అంతమంది పిల్లలండీ, ఎవరి వీపు ఎట్లా ఉందో ఏం గుర్తుంటది?" అంది. ఆమె ఉద్యోగమూ అక్కడే. తల్లికి కూడా కారణం లేకపోలేదు. నాలుగోది కూడా తను పెట్టించిందే అయితే, దాన్ని వాళ్ళ మీదికి తోయడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. నాకు ఎవరి వైపు మొగ్గు ఉందో మీకు తెలుస్తూనే ఉంటుంది. మొగ్గును నిర్ధారణ కింద రాయడం కార్యదర్శిగారి పద్ధతి, నాది కాదు.

కాబట్టి నాలుగో వాత ఎవరు పెట్టారన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది. ఆధారం ఉండేది ఒక్క చోటే, ఆ పిల్ల నడుము మీద. దాన్ని చూపించనని అన్నది తల్లి. ఈ మొత్తం వ్యవహారంలో ఆమెను అనుమతి అడిగింది ఆ ఒక్కసారే, కాదనే హక్కున్నదీ ఆమెకే. నేను గట్టు దిగి వచ్చేశాను.